యూనివర్సిటీ రీసెర్చ్ పార్ట్‌నర్‌షిప్ అవార్డు: బయటి పార్ట్‌నర్‌గా మా రివ్యూ (5కి 3.5)

ముందే చెప్పేస్తున్నా, మీ సంస్థ ఏదైనా యూనివర్సిటీతో కలిసి రీసెర్చ్ చేస్తుంటే ఈ అవార్డుకి అప్లై చేయండి, మనకెందుకులే అని వదిలేయకండి. కాకపోతే డబ్బు ఎవరి అకౌంట్‌లో పడుతుంది, అవార్డు మీద ఎవరి పేరు ఉంటుంది అనే రెండు విషయాలు తేల్చుకున్నాకే సంతకం పెట్టండి. ఇలాంటి అవార్డుల గురించి ప్రొఫెసర్లు రాసుకున్నవి, యూనివర్సిటీలు వేసుకున్న వార్తలు బోలెడు దొరుకుతాయి. బయట నుంచి వచ్చి వాళ్లతో కలిసి పనిచేసినవాళ్లు రాసింది మాత్రం నేను అప్లై చేసేముందు ఎంత వెతికినా దొరకలేదు, అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నా.

మాది డయాలసిస్ పేషెంట్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు కలిసి నడుపుకునే గ్రూపు. మా అన్నయ్య డయాలసిస్ మీద ఉన్నాడు, అలా నేను ఇందులోకి వచ్చా, ఇప్పుడు గ్రూపు కాగితాల పని మొత్తం నా చేతిలోనే ఉంది. కిడ్నీ జబ్బుల మీద పనిచేసే ఒక యూనివర్సిటీ టీమ్‌తో కొన్నేళ్లుగా కలిసి నడుస్తున్నాం, ఆ పనికే ఈ అవార్డు వచ్చింది. యూనివర్సిటీ పేరు రాయను, ఎందుకంటే వేరే చోట్ల వేరే గ్రూపులు చెప్పినవి విన్నాక ఇందులో సగం విషయాలు అందరికీ వర్తిస్తాయని అర్థమైంది.

అవార్డు ఏంటంటే, యూనివర్సిటీ బయటివాళ్లతో కలిసి చేసిన రీసెర్చ్‌ని గుర్తించడానికి ఇచ్చేది. సాధారణంగా రెండు మూడు కేటగిరీలు ఉంటాయి, కంపెనీలతో చేసింది ఒకటి, ప్రభుత్వ శాఖలతో చేసింది ఒకటి, మాలాంటి గ్రూపులూ స్వచ్ఛంద సంస్థలతో చేసింది ఒకటి. ఇది కొత్తగా పుట్టిన ఆలోచనేం కాదు. కెనడాలో ఎన్‌సర్క్ అనే రీసెర్చ్ కౌన్సిల్ 1995 నుంచే సినర్జీ అవార్డులని యూనివర్సిటీ-కంపెనీ జోడీలకి ఇస్తూ వచ్చింది, అక్కడే సోషల్ సైన్సెస్ చూసే కౌన్సిల్ ఇచ్చే ఇంపాక్ట్ అవార్డుల్లో పార్ట్‌నర్‌షిప్‌కి విడిగా ఒక కేటగిరీ ఉంది. బ్రిటన్‌లో అయితే అవార్డు సంగతి పక్కన పెడితే 1975 నుంచే ఒక కంపెనీ, ఒక యూనివర్సిటీ, చదువు పూర్తయిన ఒక గ్రాడ్యుయేట్, ఈ ముగ్గురినీ ఒక ప్రాజెక్టులో కట్టేసే స్కీమ్ నడుస్తోంది, ఇప్పుడు దాన్ని నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ పార్ట్‌నర్‌షిప్ అంటున్నారు. యూనివర్సిటీలకి ఈ మధ్య ఇంత ఉత్సాహం ఎందుకొచ్చిందో కూడా తెలుసుకుంటే మంచిది. బ్రిటన్‌లో యూనివర్సిటీల రీసెర్చ్‌ని లెక్కగట్టే ఆర్‌ఈఎఫ్ అనే పద్ధతిలో, రీసెర్చ్ వల్ల బయట ప్రపంచంలో ఏం మారింది అన్నదానికి 2014లో 20 శాతం మార్కులు పెట్టారు, 2021కి అది 25 శాతం అయింది. ప్రభుత్వ రీసెర్చ్ ఫండింగ్‌లో ఒక పెద్ద భాగాన్ని ఆ మార్కుల్ని బట్టే పంచుతారు. అంటే బయటి పార్ట్‌నర్ అనేవాడు యూనివర్సిటీకి ఇప్పుడు నిజంగా అవసరం. ఇది తెలిస్తే మనం ఫారం ముందు మొహమాటపడకుండా కూర్చోగలం, అడగాల్సినవి అడగగలం.

ఇక ఫారం. నాకు ఈ అవార్డులో అన్నిటికంటే నచ్చింది, అన్నిటికంటే కోపం తెప్పించింది రెండూ ఇందులోనే ఉన్నాయి.

నచ్చింది ఏంటంటే జాయింట్ స్టేట్‌మెంట్. అంటే పార్ట్‌నర్‌షిప్ ఎలా మొదలైంది, ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారు, గొడవలొస్తే ఎలా తేల్చుకున్నారు, ఈ ప్రశ్నలకి రెండు పక్కలవాళ్లూ కలిసి కూర్చుని రాయాలి. కలిసి పని మొదలుపెట్టి ఏళ్లు గడిచినా ఈ మాటలు మేం ఎప్పుడూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోలేదు. పని ఉంటే పని గురించి మాట్లాడుకునేవాళ్లం, అంతే. ఈ ఫారం పుణ్యమా అని ప్రొఫెసర్ గారు, ఇద్దరు పీహెచ్‌డీ స్టూడెంట్లు, మా గ్రూపు నుంచి నేను, డయాలసిస్ చేయించుకునే ఇంకో ఇద్దరు, అందరం టేబుల్ చుట్టూ కూర్చుని మొదటినుంచీ ఏం జరిగిందో తిరగేశాం. అప్పుడు బయటపడ్డ విషయాలు అవార్డు రాకపోయినా మాకు పనికొచ్చేవే. సర్వే ప్రశ్నలు మా వాళ్లకి చూపించకుండా మార్చేసినప్పుడు మా గ్రూపులో ఎంతమంది నొచ్చుకున్నారో ఆ టీమ్‌కి అసలు తెలియదు, ఎథిక్స్ కమిటీ చెప్పిన గడువులోపు మార్చక తప్పలేదన్న సంగతి మాకు తెలియదు. రెండూ ఆ టేబుల్ దగ్గరే తెలిశాయి, ప్రొఫెసర్ గారు అందరి ముందూ సారీ చెప్పారు, తర్వాత నుంచి ప్రశ్న మారితే ముందు మాకు మెసేజ్ వస్తోంది.

కోపం తెప్పించింది ఏంటంటే, ఈ జాయింట్ స్టేట్‌మెంట్‌ని అప్‌లోడ్ చేయాల్సిన పోర్టల్‌కి యూనివర్సిటీ ఈమెయిల్ ఉన్నవాళ్లే లాగిన్ అవ్వగలరు. అంటే పేరుకి జాయింట్, కానీ ఫైనల్‌గా ఏం వెళ్లిందో మనం చూడాలంటే వాళ్లు స్క్రీన్‌షాట్ తీసి పంపాలి. నామినీ, అంటే అవార్డు ఎవరి పేరు మీద అడుగుతున్నామో ఆ మనిషి, అనే గడిలో ఒక్క పేరే పడుతుంది, అది యూనివర్సిటీ ఉద్యోగిదే అయ్యుండాలి. మన సంస్థ పేరు కింద "సహకరించిన సంస్థ" అనే గడిలోకి పోతుంది. ఇంకా చెప్పాలంటే నామినీకి తన పని గురించి రాసుకోవడానికి పేజీలకి పేజీలు ఇచ్చారు, పార్ట్‌నర్ లెటర్‌కి ఒక్క పేజీ. ఆ ఒక్క పేజీలో ఏం రాయాలో నమూనా కూడా వాళ్లే పంపారు, ఫలానా ప్రొఫెసర్‌తో పనిచేయడం మాకెంతో గర్వకారణం అని మొదలవుతుంది అది. నేను ఆ నమూనా పక్కన పడేసి మా మాటల్లో రాశా, మీరూ అదే చేయండి. జ్యూరీలో ఒకరు తర్వాత చెప్పారు, అన్ని అప్లికేషన్లలోనూ పార్ట్‌నర్ లెటర్లు ఒకేలా ఉంటాయట, మాది వేరేగా ఉండబట్టే ఆగి రెండోసారి చదివారట.

ఆ లెటర్‌లో ఏం రాశానో చెప్తే మీకు ఉపయోగపడొచ్చు. ఈ రీసెర్చ్‌లో ప్రశ్న ఎవరిది అన్నదే రాశా. హీమోడయాలసిస్ అంటే మిషన్‌తో రక్తం శుభ్రం చేసే పద్ధతి, మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు మిషన్ మీద ఉండాలి. బయటివాళ్లు ఆ నాలుగు గంటలే కష్టం అనుకుంటారు. మిషన్ దిగాక ఏమవుతుందో ఇంట్లోవాళ్లకి తెలుసు, ఒళ్లు హూనమైపోయి, పిక్కలు పట్టేసి, మాట్లాడే ఓపిక కూడా లేక పడుకుండిపోతారు, కొంతమంది సాయంత్రానికి లేస్తారు, కొంతమందికి మర్నాడు మధ్యాహ్నం దాకా తేరుకోదు. మర్నాడు గడిచి కాస్త లేచేసరికి మళ్లీ డయాలసిస్ రోజు. యూనివర్సిటీ టీమ్ మొదట మా దగ్గరికి వచ్చినప్పుడు బ్లడ్ రిపోర్టుల్లో ఒక నంబర్ మీద స్టడీ చేద్దామనుకుని వచ్చారు. మా గ్రూపు మీటింగ్‌లో ఒక పెద్దావిడ లేచి, మీ నంబర్ సరే బాబూ, నేను మిషన్ దిగాక మళ్లీ మనిషిని అవ్వడానికి ఎంతసేపు పడుతోందో అది ఎవరైనా లెక్కగట్టారా అని అడిగారు. ప్రాజెక్టు అక్కడే మలుపు తిరిగింది. ఆ మాట నేను లెటర్‌లో ఆవిడ అనుమతితో ఉన్నదున్నట్టు రాశా.

ఇది మా ఒక్కరి కథే అనుకోకండి. సాంగ్ అని కిడ్నీ రీసెర్చ్‌లో ఒక అంతర్జాతీయ ప్రయత్నం 2014లో మొదలైంది, చికిత్సలని పరీక్షించే ట్రయల్స్‌లో అసలు ఏమేం కొలవాలి అనేది పేషెంట్లు, కుటుంబాలు, డాక్టర్లు కలిసి తేల్చాలని. 70కి పైగా దేశాల నుంచి అభిప్రాయాలు తీసుకున్నారు. డాక్టర్లు మరణాలూ గుండె జబ్బులూ పైన పెడితే, పేషెంట్లు, వాళ్ల కుటుంబాలు డయాలసిస్ తర్వాత వచ్చే నిస్సత్తువకీ, మిషన్ లేకుండా గడిపే సమయానికీ, ప్రయాణం చేయగలగడానికీ డాక్టర్లకంటే ఎక్కువ విలువిచ్చారు. చివరికి హీమోడయాలసిస్ ట్రయల్స్ అన్నిట్లో తప్పకుండా కొలవాల్సినవిగా నాలుగు తేలాయి, నీరసం, గుండె జబ్బు, మరణాలు, మిషన్‌కి రక్తం వెళ్లి రావడానికి ఏర్పాటు చేసే ఫిస్టులా లాంటి రక్తనాళాల దారి. నీరసం ఆ లిస్టులోకి ఎక్కడానికి పేషెంట్లు ఆ గదిలో ఉండటం ఎంత పెద్ద కారణమో వేరే చెప్పక్కర్లేదు. కీళ్లవాతంలోనూ ఇదే జరిగింది, ఓమెరాక్ట్ అనే రీసెర్చర్ల సమావేశానికి 2002లో మొదటిసారి పేషెంట్లని కూర్చోబెడితే, మీరు కీళ్ల వాపులు లెక్కపెడుతున్నారు గానీ మమ్మల్ని తినేస్తోంది అలసట అన్నారు, కొన్నేళ్లలోనే ఆ జబ్బు ట్రయల్స్‌లో అలసటని కూడా కొలవాలని సిఫార్సు చేశారు.

అందుకే నా ఉద్దేశంలో ఈ అవార్డుకి అసలైన గీటురాయి ఇదే అవ్వాలి, బయటివాళ్లు రావడం వల్ల ప్రశ్న మారిందా లేదా. అది మారలేదంటే పార్ట్‌నర్ పేషెంట్లని పోగుచేసి ఇచ్చాడు, ఫారాలు నింపించాడు, హాలు చూపించాడు, అంతవరకే. అది కూడా సాయమే, నేను తక్కువ చేయట్లేదు, కానీ దానికి పార్ట్‌నర్‌షిప్ అవార్డు ఇస్తే నిజంగా కలిసి చేసినవాళ్లకి అన్యాయం. షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లోనే ప్రజల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీసింది, అందులో సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం ఇవన్నీ మధ్య మెట్లు, పార్ట్‌నర్‌షిప్ ఆరో మెట్టు. నిర్ణయం తీసుకునే అధికారాన్ని బేరమాడి పంచుకున్నప్పుడే ఆ మెట్టు. మా ఫారంలో ఉన్న మార్కుల పట్టిక చూస్తే, పేపర్లు ఎన్ని వచ్చాయి, ఫండింగ్ ఎంత వచ్చింది, మీడియాలో ఎంత వచ్చింది వీటికే ఎక్కువ మార్కులు. నిర్ణయాలు ఎవరు తీసుకున్నారు అన్నదానికి చాలా తక్కువ. నేను ఒకటిన్నర స్టార్ కోసిందాంట్లో ఎక్కువ భాగం దీనికే.

ఇంకో ఇబ్బంది, కంపెనీలకీ మాకూ ఒకే ఫారం. పేటెంట్లు ఎన్ని, లైసెన్స్ ఆదాయం ఎంత, ఎన్ని ఉద్యోగాలు వచ్చాయి అని అడిగితే మేం ఏం రాయాలి? ప్రతి గడిలో వర్తించదు, వర్తించదు అని రాసుకుంటూ పోతుంటే ఎదుటివాళ్లకి మేం ఏమీ చేయనట్టే కనిపిస్తుంది. కంపెనీల పార్ట్‌నర్‌షిప్ గొప్పది కాదని కాదు. 1922లో టొరంటో యూనివర్సిటీలో ఇన్సులిన్ ల్యాబ్‌లో తయారవుతోంది గానీ సరిపడా తయారుచేయలేక నానా అవస్థ పడుతున్నప్పుడు ఎలై లిల్లీ కంపెనీతో కలవబట్టే అది పెద్దమొత్తంలో జనానికి అందింది, పేటెంట్‌ని కనిపెట్టినవాళ్లు ఒక్కో డాలర్‌కే యూనివర్సిటీకి ఇచ్చేశారు. అలాంటి పనికి ఎన్ని అవార్డులిచ్చినా తక్కువే. కానీ దాన్ని కొలిచే కొలతతో పేషెంట్ గ్రూపుని కొలిస్తే ఎలా. కేటగిరీలు వేరు చేసినప్పుడు ప్రశ్నలు కూడా వేరు చేయాలి కదా.

ఇంటర్వ్యూ గురించి. షార్ట్‌లిస్ట్ అయ్యాక జ్యూరీ పిలిచింది. మొదట ఇచ్చిన తేదీ మా వాళ్లిద్దరికీ డయాలసిస్ రోజు, మార్చమని అడిగితే ఆఫీసులో ఉన్న మేడమ్ ఒక్క మాట మాట్లాడకుండా మార్చారు, వీడియోలో రావచ్చని కూడా చెప్పారు, ఈ విషయంలో ఫుల్ మార్కులు. జ్యూరీలో బయటి సభ్యులు కూడా ఉన్నారు, అందులో ఒకరు వికలాంగుల సంస్థ నడిపే ఆవిడ. ఆవిడ అడిగిన ప్రశ్నలు మాత్రం అద్భుతం. ఈ ప్రాజెక్టులో మీరు వద్దు అన్నది ఏదైనా ఉందా, వద్దన్నాక ఏం జరిగింది అని అడిగారు. మా అన్నయ్య టక్కున చెప్పాడు, మిషన్ మీద ఉండగా ఇంటర్వ్యూలు చేస్తామన్నారు, టైమ్ కలిసొస్తుందని, ఆ కుర్చీలోంచి లేచి వెళ్లలేని మనిషిని ప్రశ్నలడగొద్దన్నాం, మానేశారు అని. గదిలో అందరూ ఒక్క క్షణం ఆగి నోట్ చేసుకున్నారు. మిగతా జ్యూరీవాళ్లు మాత్రం స్టడీ డిజైన్ గురించి ప్రొఫెసర్ గారినే అడిగారు, మమ్మల్ని మీకు ఎలా అనిపించింది అని అడిగారు. డిజైన్‌లో సగం మా వాళ్ల చేతిదే అని ప్రొఫెసర్ గారే కల్పించుకుని, అది వాళ్లు చెప్తారండీ అని మా వైపు తిప్పారు. ఆయన అలా అనకపోయి ఉంటే మేం పేషెంట్ల గోడు చెప్పుకోవడానికి వచ్చినట్టే ఉండేది. మీ ప్రొఫెసర్‌తో ముందే మాట్లాడుకోండి, ఏ ప్రశ్నకి ఎవరు జవాబు చెప్పాలో పంచుకోండి.

ఫంక్షన్ బాగానే జరిగింది, మెట్లు ఎక్కలేనివాళ్ల కోసం ర్యాంప్ ఉంది, ఎక్కువసేపు సాగదీయలేదు. ఫోటోలు వారంలో పంపారు.

డబ్బు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ప్రైజ్ మనీ యూనివర్సిటీలో ప్రొఫెసర్ గారి రీసెర్చ్ అకౌంట్‌కి వెళ్తుంది. మన వాటా మనకి రావాలంటే మన సంస్థ వాళ్ల దగ్గర వెండర్‌గా రిజిస్టర్ అవ్వాలి, బిల్లు పెట్టాలి, ఆ బిల్లు దేనికో రాయాలి. కలిసి గెలిచిన అవార్డులో మన వాటాకి మనం సరుకు అమ్మినట్టు బిల్లు పెట్టడం ఏంటో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ప్రొఫెసర్ గారు తన వైపు నుంచి సగం మాకే అని మొదటిరోజే రాతపూర్వకంగా ఇచ్చారు కాబట్టి ఆలస్యమైనా వచ్చింది, ఆ డబ్బుతో మా వాళ్లని మీటింగులకి తీసుకొచ్చే రవాణా ఖర్చులు, సమాచార పత్రాలు అచ్చువేయించడం నడుస్తున్నాయి. అంత మంచి మనిషి కాకపోతే? రూల్‌లో లేనిది ఒక మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు. ఇన్సులిన్‌కి 1923లో నోబెల్ ఇచ్చినప్పుడు బాంటింగ్, మెక్లియాడ్ ఇద్దరి పేర్లే ప్రకటించారు, పక్కనే పనిచేసిన బెస్ట్, కాలిప్ పేర్లు లేవు. బాంటింగ్ తన డబ్బులో సగం బెస్ట్‌కి, మెక్లియాడ్ తన డబ్బులో సగం కాలిప్‌కి ఇచ్చేశారు. అది వాళ్ల పెద్దమనసు, కానీ చరిత్ర పుస్తకంలో అవార్డు పట్టికలో ఇప్పటికీ రెండు పేర్లే ఉంటాయి. నూరేళ్లు దాటాక కూడా, అదీ పార్ట్‌నర్‌షిప్ కోసమే పెట్టిన అవార్డులో, మనం అదే చోట ఉండటం నాకు బాధగా ఉంది.

పేరు గురించి కూడా అంతే. జ్ఞాపిక మీద ప్రొఫెసర్ గారి పేరు, డిపార్ట్‌మెంట్ పేరు ఉన్నాయి, మా గ్రూపు పేరు లేదు. అడిగితే రెండోది చేయించి ఇచ్చారు, అడగాల్సి వచ్చింది. యూనివర్సిటీ వేసిన వార్తలో మా గ్రూపు పేరు ఆఖరి పేరాలో ఉంది, పైగా ఇద్దరు పేషెంట్ల ఫోటో వేశారు గానీ పేర్లు వేయలేదు. వాళ్లని అడిగితే పేర్లు వేసుకోమనే చెప్పేవాళ్లు, ఎవరూ అడగలేదు అంతే.

రీసెర్చ్ పేపర్‌లో పేరు సంగతి అవార్డుకి సంబంధం లేదనిపించొచ్చు, కానీ ఉంది, ఎందుకంటే జ్యూరీ పేపర్లు చూసి మార్కులేస్తుంది. మెడికల్ జర్నల్స్ ఎక్కువగా పాటించే ఐసీఎమ్‌జేఈ నియమాల ప్రకారం ఆథర్ అనిపించుకోవాలంటే నాలుగు షరతులు ఉన్నాయి, పనిలో గట్టి పాత్ర ఉండాలి, రాయడంలోనో సరిదిద్దడంలోనో చేయి ఉండాలి, చివరి కాపీకి ఒప్పుకోవాలి, రేపు ఎవరైనా అడిగితే జవాబుదారీగా నిలబడాలి. ఇందులో డిగ్రీ ఉండాలని ఎక్కడా లేదు. చాలామంది పేషెంట్లకి డ్రాఫ్ట్ చూపించనే చూపించరు, చూపించకపోతే రెండో షరతు, మూడో షరతు ఎలా పూర్తవుతాయి? తర్వాత మీరు ఆథర్ షరతులకి సరిపోలేదని థాంక్స్ చెప్పే పేరాలో వేస్తారు. మాకు మొదటి పేపర్‌లో అదే జరిగింది, రెండోదాంట్లో మా గ్రూపు నుంచి ఇద్దరు ఆథర్లు ఉన్నారు. ఇది సాధ్యమేనని చెప్పడానికి పెద్ద ఉదాహరణే ఉంది, ఫోల్డిట్ అని ప్రొటీన్లని మడతపెట్టే కంప్యూటర్ గేమ్, కోతుల్లో వచ్చే ఒక వైరస్‌కి సంబంధించిన ఎంజైమ్ ఆకారం సైంటిస్టులకి ఏళ్లుగా చిక్కకపోతే ఆ గేమ్ ఆడేవాళ్లు కొన్ని వారాల్లోనే తేల్చారు, 2011లో వచ్చిన ఆ పేపర్‌లో సైంటిస్టులతో పాటు ఆటగాళ్ల టీమ్‌ల పేర్లు కూడా ఆథర్లుగా వేశారు. గేమ్ ఆడినవాళ్ల పేరు వేయగలిగినప్పుడు, ప్రశ్న ఇచ్చిన, డిజైన్ సరిదిద్దిన పేషెంట్ పేరు వేయడానికి అడ్డేంటి.

అవార్డు వచ్చాక ఏం మారింది అంటే, మంచి చాలానే జరిగింది. మేం డయాలసిస్ సెంటర్లకి వెళ్లి ఫలానా స్టడీ గురించి మాట్లాడాలి అంటే ఇదివరకు రిసెప్షన్ దాటనిచ్చేవాళ్లు కాదు, ఇప్పుడు కూర్చోబెట్టి వింటున్నారు. డిశ్చార్జ్ కాగితంలో, మిషన్ దిగాక తేరుకోవడానికి ఎంత టైమ్ పడుతోంది అనే గడి ఒక సెంటర్‌లో పెట్టారు, మాకు దీనికంటే పెద్ద అవార్డు లేదు. మా గ్రూపులో చాలాకాలంగా మూలన కూర్చునే వాళ్లు కూడా, అయితే నేను కూడా ఏదైనా అడగొచ్చా అంటూ ప్రశ్నలు తెస్తున్నారు, రాత్రిపూట కాళ్లు పీకడం మీద ఒకావిడ తెచ్చిన ప్రశ్న మీదే ఇప్పుడు తర్వాతి ప్రాజెక్టు రాస్తున్నాం. ప్రొఫెసర్ గారి డిపార్ట్‌మెంట్‌లో కూడా ఇలాంటి పని టైమ్ వేస్ట్ అనేవాళ్ల నోళ్లు కాస్త మూతపడ్డాయని పీహెచ్‌డీ అమ్మాయి చెప్పింది, తనకి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఈ అవార్డు గురించే ఎక్కువసేపు అడిగారట.

చెడు ఏంటంటే, అవార్డు వచ్చిన వార్త చూసి ముక్కూ మొహం తెలియని టీమ్‌ల నుంచి మెయిళ్లు, రెండు రోజుల్లో గ్రాంట్ గడువు ఉంది, మీ గ్రూపు నుంచి సపోర్ట్ లెటర్ పంపండి అని. ఏ ప్రశ్న మీదో, మా వాళ్లు ఏం చేయాలో అందులో ఉండదు. నీరసంగా ఉన్న మనుషుల టైమ్ అది, మిషన్ మీద పోగా మిగిలిన టైమ్. ఇప్పుడు మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం, ప్రాజెక్టు రాయకముందు వచ్చి మాట్లాడితేనే, మా వాళ్ల టైమ్‌కి బడ్జెట్‌లో డబ్బు పెడితేనే లెటర్. కొందరు మళ్లీ రాయలేదు, ఒకరిద్దరు నిజంగానే వచ్చి కూర్చున్నారు.

బ్రిటన్‌లో జేమ్స్ లిండ్ అలయన్స్ అని 2004లో మొదలైంది ఉంది, ఒక జబ్బు మీద ఇంకా జవాబు తెలియని ప్రశ్నల్లోంచి పేషెంట్లు, చూసుకునేవాళ్లు, డాక్టర్లు సమానంగా కూర్చుని ముఖ్యమైన పది ఎంచుకుంటారు. అప్లై చేద్దామనుకునే టీమ్‌లకి నా సలహా, అవార్డు ఫారం తెరిచేముందు అలా ఒకసారి మీ వాళ్లందరితో కూర్చుని ప్రశ్నలు ఎంచుకోండి, జాయింట్ స్టేట్‌మెంట్‌లో సగం అక్కడే తయారైపోతుంది.

సంతకం పెట్టేముందు అడగాల్సినవి: పార్ట్‌నర్‌ని కో-నామినీగా పెడతారా, ప్రైజ్ మనీలో వాటా ఒప్పందం రాతలో ఉందా, సబ్మిట్ చేసిన ఫైనల్ కాపీ మనకి పంపుతారా, జ్యూరీలో బయటివాళ్లు ఎంతమంది, ఫోటోలకీ పేర్లకీ మన వాళ్ల అనుమతి ఎవరు తీసుకుంటారు. వీటికి జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. పార్ట్‌నర్ లెటర్ ఒక్క పేజీయే ఇచ్చినా అందులో పొగడ్తలకి రెండు లైన్లు చాలు, మిగతా అంతా మీరు మార్చిన నిర్ణయాలు రాయండి, తేదీలతో సహా. మీటింగ్ మినిట్స్, అంటే మీటింగ్‌లో ఎవరు ఏమన్నారో రాసుకున్న కాగితాలు, ఇప్పటినుంచే దాచుకోండి, మా దగ్గర మొదటి రోజుల మినిట్స్ ఉండబట్టే పెద్దావిడ ప్రశ్న ఎప్పుడు అడిగారో చూపించగలిగాం.

స్టార్స్ ఇలా వేశా, జాయింట్ స్టేట్‌మెంట్‌కీ, ఇంటర్వ్యూ ఏర్పాట్లకీ, జ్యూరీలో బయటి సభ్యులున్నందుకూ కలిపి 3.5. డబ్బు దారి, నామినీ గడి, మార్కుల పట్టిక ఈ మూడింటికీ కలిపి 1.5 కోత. ఇవన్నీ అవార్డు ఆఫీసుకి కూడా పాయింట్లుగా రాసి పంపాం, ప్రొఫెసర్ గారు కూడా సంతకం పెట్టారు. వచ్చే విడత నుంచి పార్ట్‌నర్లకి పోర్టల్ లాగిన్ ఇస్తామని జవాబొచ్చింది, కో-నామినీ విషయం కమిటీ ముందు పెడతామన్నారు, ప్రైజ్ మనీ గురించి మాత్రం ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్‌ని అడగాలన్నారు. కొత్త ఫారం వచ్చాక చూసి స్టార్స్ మార్చాల్సి ఉంటే ఇక్కడే మారుస్తా.